టెర్రాఫామ్ రివ్యూ: గూగుల్ క్లౌడ్ ఆర్గనైజేషన్ తాళాల గుత్తిని కోడ్‌కి అప్పగిస్తే

తిరుపతిలో పది పదిహేను మందితో నడిచే సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఒకటి అనుకుందాం. చేతిలో మూడు పనులున్నాయి: కొండ కింద లాడ్జీలకు గదుల బుకింగ్, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి లోడ్ల తూకం లెక్కలు, ఒక కాలేజీకి ఫీజుల పోర్టల్. గూగుల్ క్లౌడ్‌లో ఒక్కోదానికి టెస్టు ప్రాజెక్టు ఒకటి, లైవ్ ప్రాజెక్టు ఒకటి, మొత్తం ఆరు. మొదట్లో ఎవరు ఏది అడిగితే అది కన్సోల్‌లో (గూగుల్ క్లౌడ్ వెబ్ పేజీలో) క్లిక్ చేసి ఇచ్చేస్తారు. రెండేళ్లు తిరిగేసరికి ఎవరికి ఏ యాక్సెస్ ఉందో, ఎందుకు ఇచ్చారో చెప్పగలిగేవాళ్లు ఆఫీసులో ఉండరు. ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయిన మనిషి సొంత జీమెయిల్ ఇంకా ఓనర్‌గానే ఉంటుంది. ఈ రివ్యూ అలాంటి ఆఫీసుల కోసం. టెర్రాఫామ్ అంటే క్లౌడ్‌లో ఏమేం ఉండాలో కోడ్‌గా రాస్తే అలా అమర్చిపెట్టే టూల్. దానితో సర్వర్లు లేపడం గురించి చాలామంది రాశారు. ఆర్గనైజేషన్ (గూగుల్ క్లౌడ్‌లో ఆఫీసు ప్రాజెక్టులన్నిటికీ పై గొడుగు) మొత్తం యాక్సెస్‌లు, పాలసీలు దాని చేతికి ఇస్తే ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే ఇక్కడ చూస్తున్నాం.

మా మాట ముందే చెప్పేస్తాం. నమ్మొచ్చు, నాలుగైదు ప్రాజెక్టులు దాటిన ప్రతి ఆఫీసూ వాడాలి. కాకపోతే ఇందులో పేర్లు దగ్గరదగ్గరగా ఉండే మూడు రిసోర్సులు (కోడ్‌లో రాసే అంశాలు) ఉన్నాయి. వాటి తేడా తెలియకుండా మొదటి అప్లై (కోడ్‌లో రాసింది నిజంగా అమలు చేసే కమాండ్) కొడితే సొంత ఇంటికే బయటినుంచి తాళం పడుతుంది. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం వాటి గురించే.

ముందు నిర్మాణం. ఆర్గనైజేషన్ కింద ఫోల్డర్లు, ఫోల్డర్ల కింద ప్రాజెక్టులు. పైన ఇచ్చిన హక్కు కింద ఉన్న ప్రతిదానికీ దిగిపోతుంది, కింద ప్రాజెక్టులో కూర్చుని దాన్ని తీసేయలేం. (డినై పాలసీలని వేరే సదుపాయం ఉంది, చిన్న ఆఫీసుకి మొదటి ఏడాది దాని జోలికి వెళ్లే పని లేదు.) ఫోల్డర్లు పది అంతస్తుల లోతు వరకు పెట్టుకోవచ్చు గానీ రెండు చాలు: పైన క్లయింటు, దాని కింద టెస్టు, లైవ్. క్లయింటు పేరుతో మొదలుపెడితే రేపు ఆ క్లయింటు మనుషులకు యాక్సెస్ ఇవ్వాల్సి వచ్చినా, పని వాళ్లకే అప్పగించేయాల్సి వచ్చినా ఒక్క ఫోల్డర్ దగ్గర తేలిపోతుంది.

ఇక ఆ మూడు. ఐఏఎం అంటే ఎవరికి ఏ హక్కు ఉందో చూసుకునే గూగుల్ వ్యవస్థ. ఒకటి ఐఏఎం పాలసీ, రెండోది ఐఏఎం బైండింగ్, మూడోది ఐఏఎం మెంబర్. ఆర్గనైజేషన్‌కి, ఫోల్డర్‌కి, ప్రాజెక్టుకి విడివిడిగా ఈ మూడూ ఉంటాయి.

మెంబర్ అన్నది ఒక మనిషికో గ్రూపుకో ఒక రోల్ (హక్కుల కట్ట) జత చేస్తుంది, పక్కవాళ్ల జోలికి పోదు. బైండింగ్ అలా కాదు. ఒక రోల్‌కి సంబంధించిన జాబితా మొత్తం తనదే అంటుంది, కోడ్‌లో రాసిన పేర్లు తప్ప ఆ రోల్‌లో మిగతావాళ్లందరినీ తీసేస్తుంది. పాలసీ అయితే అన్ని రోల్స్‌నీ కలిపి తుడిచి, కోడ్‌లో ఉన్నదే మిగులుస్తుంది. ఆర్గనైజేషన్ స్థాయిలో పాలసీ రిసోర్సు వాడటం కొరివితో తల గోక్కోవడమే. అందులో అడ్మిన్ లైను ఒకటి మర్చిపోతే, అప్లై చేస్తున్న సర్వీస్ అకౌంటుకే (మనిషి బదులు ప్రోగ్రాము వాడే అకౌంటు) హక్కులు పోయి, దానితో సరిదిద్దడానికి కూడా దారి ఉండదు. దాన్ని అసలు వాడొద్దు.

బైండింగ్ దగ్గర జరిగే తప్పు అంతకన్నా మోసకారిది, ఎందుకంటే ప్లాన్‌లో (అప్లైకి ముందు ఏం మారబోతోందో చూపించే కమాండ్) కనబడదు. కన్సోల్‌లో ఇప్పటికే ఏడుగురికి ఒక రోల్ ఉందనుకోండి. ఇప్పుడు అదే రోల్‌కి ఇద్దరి పేర్లతో బైండింగ్ రాసి ప్లాన్ కొడతారు. తెర మీద ఆకుపచ్చ ప్లస్ గుర్తు, కింద చివరి లైనులో జోడించేది 1, మార్చేది 0, తీసేది 0 అని వస్తుంది. చూసినవాళ్లెవరైనా కొత్తగా ఒకటి చేరుతోంది, నష్టమేం లేదు అనుకుంటారు. అప్లై అయ్యాక ఆ రోల్‌లో ఇద్దరే ఉంటారు, మిగతా ఐదుగురూ పోతారు. కారణం ఏంటంటే ప్లాన్ పోల్చేది తన స్టేట్‌లో (టెర్రాఫామ్ తను పెట్టినవాటిని రాసుకునే ఫైలు) ఉన్నవాటినే. ఆ బైండింగ్ స్టేట్‌లో లేదు కాబట్టి అవతల ఏడుగురున్నారని దానికి తెలియదు. ప్లాన్‌లో తీసేది సున్నా అని చూపించింది కాబట్టి భద్రం అనుకోవడం ఇలాంటిచోట పనికిరాదు.

దీనికి మందు ఇంపోర్ట్, అంటే అప్పటికే ఉన్నదాన్ని స్టేట్‌లోకి తెచ్చుకోవడం. 1.5 వెర్షన్ నుంచి ఇంపోర్ట్ బ్లాక్ కోడ్‌లోనే రాయొచ్చు. ఆర్గనైజేషన్ నంబరు, ఒక ఖాళీ, రోల్ పేరు, ఇదే దాని ఐడీ. ఇంపోర్ట్ బ్లాకుతో ప్లాన్ కొడితే అప్పుడు అసలు ఏడుగురూ బయటపడతారు, తీసేయబోయే ఐదుగురి పక్కన మైనస్ గుర్తు కనిపిస్తుంది. ఎవరు ఉండాలో ఎవరు పోవాలో అప్పుడు కూర్చుని తేల్చుకోవచ్చు. దీనికన్నా ముందు ఇంకో పని ఉంది: జీక్లౌడ్ (గూగుల్ క్లౌడ్ కమాండ్‌లైన్ టూల్) కమాండుతో ఆర్గనైజేషన్ ఐఏఎం పాలసీ మొత్తం ఒక ఫైలులోకి దించి దాచిపెట్టండి. ఏదైనా తేడా వస్తే ఆ ఫైలుతోనే వెనక్కి పెట్టొచ్చు. తిరిగి ఎక్కించేటప్పుడు అందులో ఈట్యాగ్ (ఇది ఏ నాటి పాలసీయో చెప్పే గుర్తు) లైను తీసేయాలి, లేదంటే మధ్యలో పాలసీ మారిపోయిందని గూగుల్ ఒప్పుకోదు.

ప్రాజెక్టు స్థాయిలో ఎడిటర్ రోల్‌కి బైండింగ్ రాయడం ఇంకో గుంత. గూగుల్ తన సొంత పనుల కోసం పెట్టుకునే ఏపీఐ సర్వీస్ ఏజెంటుకి మామూలుగా ఆ ఎడిటర్ రోలే ఉంటుంది. బైండింగ్ దాన్ని కూడా తుడిచేస్తే ఆ రోజు ఏమీ తెలియదు. తర్వాత ఎప్పుడో లోడు పెరిగి ఇన్‌స్టన్స్ గ్రూపు కొత్త మెషిన్ లేపబోతే లేవదు. బ్రహ్మోత్సవాల వారం లాడ్జి బుకింగ్ సైటుకి అది జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మరి బైండింగ్ ఎందుకు అంటే, దానికీ చోటుంది. కొత్త ఆర్గనైజేషన్ తెరవగానే డొమైన్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ప్రాజెక్ట్ క్రియేటర్, బిల్లింగ్ అకౌంట్ క్రియేటర్ రోల్స్ వాటంతటవే వస్తాయి. వీటిని మెంబర్‌తో తీసేయలేం, ఎందుకంటే మెంబర్‌కి ఇవ్వడమే తెలుసు, తను ఇవ్వనిదాన్ని తీయడం తెలియదు. ఆ రెండు రోల్స్‌కి అడ్మిన్ గ్రూపు ఒక్కటే పేరుగా బైండింగ్ రాస్తే డొమైన్ మొత్తానికి ఉన్న హక్కు పోతుంది. ఆర్గనైజేషన్ అడ్మిన్, పాలసీ అడ్మిన్ లాంటి బరువైన రోల్స్‌కి కూడా బైండింగే సరైనది: ఎవరైనా కన్సోల్‌లో దొడ్డిదారిన ఒక పేరు చేర్చినా తర్వాతి ప్లాన్‌లో అది బయటపడుతుంది. మిగతా రోజువారీ యాక్సెస్‌లన్నీ మెంబర్‌తోనే ఇవ్వండి. ఒకే రోల్‌కి ఒకచోట బైండింగ్, ఇంకోచోట మెంబర్ మాత్రం వద్దు. ఒకటి పెట్టింది ఇంకోటి తీస్తూ ప్రతి అప్లైలో రెండూ కొట్టుకుంటాయి.

మనుషుల పేర్లు కోడ్‌లో రాయకండి, గ్రూపులు రాయండి. మామిడి లైవ్ డెవలపర్లు, మామిడి లైవ్ చూసేవాళ్లు, ఇలా. ఒక పాలసీలో మొత్తం 1,500 మంది, అందులో గ్రూపులు, డొమైన్లు కలిపి 250 అన్నది గూగుల్ పెట్టిన హద్దు. మన ఆఫీసులు అక్కడిదాకా వెళ్లవు గానీ, అసలు కారణం హద్దు కాదు. గ్రూపు అయితే మనిషి మారినప్పుడు కోడ్ మారదు. ఇబ్బంది ఒకటుంది: ఐఏఎం మార్పు మామూలుగా రెండు నిమిషాల్లో అమలవుతుంది, ఏడు నిమిషాలు, అంతకుమించి కూడా పట్టొచ్చు. గ్రూపులో చేర్చడం, తీయడం మాత్రం ఇంకా ఎక్కువ సేపు, ఒక్కోసారి గంటలు పడుతుంది. పొద్దున చేర్చి వెంటనే యాక్సెస్ రాలేదని నేరుగా ఓనర్ ఇచ్చేయడం చాలా ఆఫీసుల్లో జరిగే పొరపాటు. కాసేపు ఆగండి.

గ్రూపుల జాబితా మీద లూప్ తిప్పేటప్పుడు కౌంట్ వాడొద్దు, ఫర్ ఈచ్ వాడండి. కౌంట్‌తో ఒక్కో పేరుకి 0, 1, 2 అని వరుస నంబరు పడుతుంది. ఐదు పేర్లలో రెండోది తీసేస్తే మూడోది రెండో స్థానానికి, నాలుగోది మూడుకి జరుగుతాయి. టెర్రాఫామ్ కళ్లకి అవన్నీ మారిపోయినట్టే, కాబట్టి తీసేసి మళ్లీ పెడుతుంది. ఒకరిని తీయబోతే కొద్దిసేపు వాళ్ల తర్వాత ఉన్నవాళ్లందరి యాక్సెస్ పోతుంది. పైగా ఈ తీయడాలు, పెట్టడాలు కలిసి నడుస్తాయి కాబట్టి ఒకచోట పెట్టినదాన్ని ఇంకోచోట తీసేసే ప్రమాదమూ ఉంది. ఫర్ ఈచ్‌లో గుర్తు ఆ పేరే, ఒకటి తీస్తే ఒకటే పోతుంది.

సీజన్ పనులకు బాగా ఉపయోగపడేది షరతు పెట్టిన యాక్సెస్. గుజ్జు ఫ్యాక్టరీ జూన్, జూలైలలో తూకం దగ్గర కూర్చోవడానికి తాత్కాలికంగా మనుషుల్ని పెట్టుకుంటుంది, వాళ్లకి డేటా చూసే హక్కు కావాలి. మెంబర్‌లోనే కండిషన్ రాసి ఫలానా సమయం వరకే అని చెప్పొచ్చు. సమయం యూటీసీలో (మన గడియారం కన్నా ఐదున్నర గంటలు వెనక) రాయాలి: ఆగస్టు 31న 18:30 అని రాస్తే మనకు ఆ రాత్రి 12 గంటలకు ముగుస్తుంది. 23:59 అని అలవాటుకొద్దీ రాసేస్తే మర్నాడు తెల్లవారి ఐదున్నర దాకా తలుపు తెరిచే ఉంటుంది. ఓనర్, ఎడిటర్, వ్యూయర్ అనే పాత మూడు రోల్స్‌కి కండిషన్ పెట్టడం కుదరదు, బిగ్‌క్వెరీ డేటా వ్యూయర్ లాంటి నిర్దిష్టమైన రోల్ ఇవ్వాలి. ఇంకోటి, కండిషన్ శీర్షికలో ఒక్క అక్షరం మార్చినా టెర్రాఫామ్ దాన్ని వేరే బైండింగ్‌గా లెక్కేసి పాతది తీసి కొత్తది పెడుతుంది. గడువు దాటినవి వాటంతటవి మాయం కావు. హక్కు పనిచేయదు గానీ ఎంట్రీ పాలసీలో అలాగే ఉండిపోతుంది. సీజన్ అయ్యాక ఆ లైన్లు కోడ్‌లోంచి తీసేయండి.

ఆర్గనైజేషన్ పాలసీలు ఇంకో సగం. ఐఏఎం ఎవరు ఏం చేయొచ్చో చెబుతుంది, ఇవి ఎవరైనా సరే ఏం చేయకూడదో చెబుతాయి. 2024 మే 3 తర్వాత తెరిచిన ఆర్గనైజేషన్లకి గూగుల్ కొన్నిటిని ముందే పెట్టి ఇస్తోంది, అంతకుముందువాళ్లు తామే పెట్టుకోవాలి. మొదటి రోజే పెట్టాల్సినవి మా లెక్కలో నాలుగు: సర్వీస్ అకౌంట్ కీలు (ఆ అకౌంటుతో లాగిన్ కావడానికి వాడే ఫైళ్లు) తయారు చేయకుండా ఆపడం, బయటి డొమైన్ వాళ్లకి యాక్సెస్ ఇవ్వకుండా ఆపడం, కొత్త ప్రాజెక్టుల్లో డిఫాల్ట్ నెట్‌వర్క్ పుట్టకుండా ఆపడం, బకెట్లకు (ఫైళ్లు దాచే చోట్లు) ఒకే రకం యాక్సెస్ పద్ధతి తప్పనిసరి చేయడం. క్లయింటు ఒప్పందంలో డేటా దేశం దాటకూడదని ఉంటే రిసోర్సులు ముంబయి, ఢిల్లీ రీజియన్లలోనే ఉండాలన్న పాలసీ ఐదోది.

ఇవి వెనక్కి వెళ్లి దేన్నీ సరిచేయవు. కీల పాలసీ పెట్టినంత మాత్రాన పాత కీలు చావవు, డొమైన్ పాలసీ పెట్టినా అప్పటికే ఉన్న బయటి జీమెయిల్ అలాగే ఉంటుంది. వాటిని వెతికి తీయడం మన పనే. డొమైన్ పాలసీ పెట్టిన మర్నాడు వచ్చే ఫిర్యాదు కూడా తెలిసిందే: క్లౌడ్ రన్ (సైట్లు నడిపే గూగుల్ సేవ) మీద కొత్తగా పెట్టిన బుకింగ్ సైటు జనానికి తెరుచుకోదు. అందరూ చూడొచ్చు అన్న హక్కు కూడా ఆ పాలసీ దృష్టిలో బయటివాళ్లకి ఇచ్చిందే కదా. ఆ ఒక్క ప్రాజెక్టుకి మినహాయింపు రాయండి, ఆర్గనైజేషన్ మీద మాత్రం సడలించొద్దు. కొన్ని పాలసీలకు డ్రై రన్ (దేన్నీ ఆపకుండా లాగ్‌లో రాసి మాత్రమే చూపించే) సదుపాయం ఉంది, టెర్రాఫామ్‌లో కూడా దానికి వేరే బ్లాక్ ఉంది. అది పెట్టి వారం రోజులు ఆడిట్ లాగ్‌లో ఏవి అడ్డుపడేవో చూసి, తర్వాత అసలుది పెడితే ఎవరి పనీ ఆగదు. ల్యాప్‌టాప్‌లో సొంత లాగిన్‌తో ఈ పాలసీలు నడిపితే కోటా ప్రాజెక్ట్ కావాలని 403 ఎర్రర్ వస్తుంది. హక్కులు లేవేమోనని కంగారుపడొద్దు, ప్రొవైడర్ బ్లాకులో (టెర్రాఫామ్‌ని గూగుల్ క్లౌడ్‌కి కలిపే కోడ్ భాగం) బిల్లింగ్ ప్రాజెక్ట్ పేరు ఇచ్చి యూజర్ ప్రాజెక్ట్ ఓవర్‌రైడ్ ఆన్ చేస్తే పోతుంది.

స్టేట్ ఫైలు ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ ఉండకూడదు. అడ్మిన్లు తప్ప ఎవరూ తాకలేని ప్రత్యేక ప్రాజెక్టులో ఒక బకెట్ పెట్టి, దానికి వెర్షనింగ్ ఆన్ చేయండి. ఒకేసారి ఇద్దరు అప్లై చేయకుండా లాక్ వేసుకునే పని గూగుల్ బకెట్ బ్యాకెండ్ తనే చూసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయో, నెట్ పోయో అప్లై ఆగితే ఆ లాక్ ఫైలు అలాగే మిగిలిపోతుంది. తర్వాత ఎవరు ప్లాన్ కొట్టినా లాక్ పట్టుకుని ఉన్నారని ఎర్రర్. నిజంగా ఇంకెవరూ నడపడం లేదని అడిగి తెలుసుకున్నాకే, ఎర్రర్‌లో చూపించిన ఐడీతో ఫోర్స్ అన్‌లాక్ చేయాలి. నెట్ పోయిన సందర్భంలో అయితే ముందు ఆ ఫోల్డర్‌లో ఎర్రర్డ్ టీఎఫ్ స్టేట్ అనే ఫైలు పడిందేమో చూడండి. బకెట్‌కి చేర్చలేకపోయిన తాజా స్టేట్ అదే. అన్‌లాక్ అయ్యాక స్టేట్ పుష్‌తో ఎక్కించాలి. చెత్త ఫైలనుకుని డిలీట్ చేస్తే, జరిగిపోయిన మార్పులు టెర్రాఫామ్‌కి తెలియకుండా పోతాయి.

ఇన్ని కష్టాలూ ల్యాప్‌టాప్ నుంచి అప్లై చేయడం వల్లే. గిట్‌హబ్ యాక్షన్స్ (కోడ్ దాచే గిట్‌హబ్ సైటే కమాండ్లు నడిపే సదుపాయం) నుంచి నడపండి, కీ ఫైలు లేకుండా వర్క్‌లోడ్ ఐడెంటిటీ ఫెడరేషన్‌తో (గిట్‌హబ్ ఇచ్చే టోకెన్‌ని గూగుల్ నమ్మే పద్ధతి). ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒక్కటే: గిట్‌హబ్ ఇచ్చే టోకెన్ జారీ చేసే చిరునామా ప్రపంచంలో అందరికీ ఒకటే. మన రిపోకి (గిట్‌హబ్‌లో మన కోడ్ ఉండే చోటు) మాత్రమే అన్న షరతు రాయకపోతే ఎవరి రిపో అయినా తలుపు తట్టగలదు. ఆ షరతులో పేరు బదులు ఓనర్ నంబరు వాడండి, పేరు వదిలేస్తే ఇంకొకరు తీసుకోవచ్చు, నంబరు తీసుకోలేరు. రెండు సర్వీస్ అకౌంట్లు వేర్వేరుగా ఉండాలి: పుల్ రిక్వెస్ట్ (ఇంకా అసలు కోడ్‌లో కలపని మార్పు ప్రతిపాదన) మీద ప్లాన్ నడిపేది చూడటానికి మాత్రమే, మెయిన్ బ్రాంచి నుంచి అప్లై చేసేది ఒక్కటే మార్చగలిగేది. ప్లాన్ సమయంలో కూడా కోడ్ బయటి ప్రోగ్రాముల్ని నడిపించగలదు, ప్లాన్ అంటే చూడటమే కదా అని దానికి అడ్మిన్ హక్కులు ఇవ్వకండి. ఆ రిపోలో మెర్జ్ చేయగలిగిన (మార్పును అసలు కోడ్‌లో కలపగలిగిన) మనిషి చేతిలో ఆర్గనైజేషన్ మొత్తం ఉన్నట్టే. కాబట్టి రెండో మనిషి చూసి ఒప్పుకోకుండా మెర్జ్ కాకూడదు.

రోజూ రాత్రి ఒకసారి డిటెయిల్డ్ ఎగ్జిట్ కోడ్‌తో ప్లాన్ నడిపించండి. 0 వస్తే తేడా లేదు, 1 వస్తే ఎర్రర్, 2 వస్తే ఏదో మారింది. 2 వస్తే మెసేజ్ పంపమనండి. ఇది కోడ్‌లో ఉన్నవాటినే కాపలా కాస్తుంది. ఎవరైనా కన్సోల్‌లో కొత్త రోల్ ఒకటి ఇస్తే, అది కోడ్‌లో లేనిది కాబట్టి ప్లాన్‌కి కనబడదు. దానికి ఆడిట్ లాగ్‌లో సెట్ ఐఏఎం పాలసీ ఎంట్రీల మీద అలర్ట్ పెట్టాలి. టెర్రాఫామ్‌లో మాకు నచ్చని విషయం ఇదే: తను పెట్టనిదాన్ని అది చూడదు.

ఖర్చు పెద్దగా లేదు. టెర్రాఫామ్ కమాండ్‌లైన్‌కి డబ్బు కట్టక్కర్లేదు, ఐఏఎంకి, ఆర్గనైజేషన్ పాలసీలకి గూగుల్ విడిగా బిల్లు వేయదు. క్లౌడ్ ఐడెంటిటీ (ఆఫీసు యూజర్ అకౌంట్లు చూసుకునే గూగుల్ సేవ) ఉచిత ఎడిషన్‌లో 50 మందికి చోటుంది. 2023 ఆగస్టులో టెర్రాఫామ్ తయారీ కంపెనీ హాషికార్ప్ దాని లైసెన్సు మార్చింది. సొంత ఆఫీసు పనికి వాడుకునేవాళ్లకి దానివల్ల అడ్డేమీ లేదు. ఓపెన్ సోర్సే కావాలనుకుంటే టెర్రాఫామ్‌లోంచి చీలి వచ్చి లినక్స్ ఫౌండేషన్ కింద ఉన్న ఓపెన్‌టోఫు ఉంది, ఇక్కడ చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి. అన్నీ తలకిందులైనా లోపలికి వెళ్లడానికి రెండు సూపర్ అడ్మిన్ (ఆఫీసు డొమైన్ మొత్తానికి పెద్ద) అకౌంట్లు విడిగా ఉండాలి, రోజువారీ పనికి వాడకూడదు. ఆర్గనైజేషన్ అడ్మిన్ రోల్ పోయినా తిరిగి ఇచ్చుకోగలిగేది అవే.

మనిషి ఉద్యోగం మానేసిన రోజు చేయాల్సిన పనికి ఒక వరుస ఉంది. ముందు అకౌంటు సస్పెండ్ చేయండి, డిలీట్ వద్దు. తర్వాత కోడ్‌లో ఆ పేరు ఎక్కడుందో వెతికి తీసి అప్లై చేయండి. ఆ తర్వాతే డిలీట్. తిరగేసి చేస్తే, ఇప్పుడు లేని అకౌంటు పేరు బైండింగ్‌లో ఉందని గూగుల్ 400 ఎర్రర్ ఇస్తుంది, ఆ బైండింగ్‌లో అదే రోజు చేయాల్సిన మిగతా మార్పులూ దానితోపాటే ఆగిపోతాయి. పొరపాటున డిలీట్ అయినా 20 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. చివరగా ప్రతి ప్రాజెక్టులో సర్వీస్ అకౌంట్ కీల జాబితా తీసి, ఆ మనిషి ఉన్న కాలంలో పుట్టినవన్నీ చూడండి. మనిషి అకౌంటు మూసేసినా, ల్యాప్‌టాప్‌లోకి దించుకున్న కీ ఫైలు మనం దాన్ని తీసేసేదాకా పనిచేస్తూనే ఉంటుంది.